వాల్వు ఆంప్లిఫయరు గొంతు బొంగురుపోతే

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను గిటారు కోసం రెండు ఈసీసీ83 వాల్వులతో (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి) ఒక ప్రీ ఆంప్లిఫయరు, అంటే గిటారు నుంచి వచ్చే చిన్న సంకేతాన్ని మొదట పెంచే భాగం, సొంతంగా కట్టుకున్నాను. ఆదివారాలు మాత్రమే కూర్చోవడం వల్ల ఆరు నెలలు పట్టింది. మొదటి వాల్వులోని రెండు భాగాలు, రెండో వాల్వులోని మొదటి భాగం వరసగా మూడు అంచెలు. మొదటి అంచె తర్వాత గెయిన్ (ధ్వనిని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే) కంట్రోలు. మూడో అంచె తర్వాత ట్రెబుల్, మిడిల్, బాస్ కంట్రోళ్ళు, చివరన నాలుగో అంచె. అన్నింట్లోనూ ప్లేటుకు 100 కిలో ఓములు, క్యాథోడుకు 1.5 కిలో ఓములు, దాని మీద 22 మైక్రో ఫారడ్ల కండెన్సరు (కెపాసిటరు) వేశాను. అంచెకూ అంచెకూ మధ్య 0.1 మైక్రో ఫారడ్. గ్రిడ్డు నుంచి ఎర్తుకు 1 మెగా ఓము.

గెయిన్ తక్కువగా ఉంటే ఫరవాలేదు. పెంచితే లావు తీగలు ముద్దయిపోతున్నాయి. బిందెలో తల పెట్టి పాడుతున్నట్టు ఉంటుంది. గట్టిగా మీటితే ధ్వని ఒక క్షణం ఆగి, మళ్ళీ వస్తుంది. సన్న తీగల మీద పోపు చిటపటలాడినట్టు రొద. బాస్ కంట్రోలు సున్నాకు తిప్పినా ముద్దతనం పోదు. వాల్వులు మూడు జతలు మార్చాను, తేడా లేదు. హెచ్‌టీ (వాల్వులకు అందే అధిక డీసీ వోల్టేజీ) 290 వోల్టులు. మూడు ప్లేట్ల మీద వరసగా 197, 196, 140 వోల్టులు. క్యాథోడ్ల మీద 1.4, 1.4, 2.25. దీన్ని మా ఇంట్లోని హోమ్ థియేటరుకు కలిపి వింటున్నాను. ఇంకొక మాట. రెండో, మూడో అంచెల మధ్య వేసిన కండెన్సరు మా తాతగారి రేడియోలోంచి తీసింది. పాత కండెన్సర్లకు మంచి స్వరం ఉంటుందని విని, ఆయన గుర్తుగా కూడా ఉంటుందని వేశాను. మీటరుతో చూస్తే బాగానే ఉంది. నేను ఎక్కడ తప్పు చేశాను?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చినవి ఆ ఆరు అంకెలు. స్వరం బాగాలేదని రాసేవారు చాలామంది ఉంటారు. వోల్టేజీలు కొలిచి పంపేవారు తక్కువ. మీరు వాల్వులకు పెట్టిన డబ్బు తిరిగి రాదు గానీ, ఆ అంకెల కోసం పెట్టిన పది నిమిషాలు ఇప్పుడు పనికొచ్చాయి.

కొత్తవారి కోసం ఒక మాట. వాల్వులో క్యాథోడుకూ ప్లేటుకూ మధ్య కరెంటు నడుస్తుంది. వాటి మధ్య ఉన్న గ్రిడ్డు మీది వోల్టేజీ పాజిటివ్ వైపు వెళ్తే ఆ కరెంటు పెరుగుతుంది, నెగెటివ్ వైపు వెళ్తే తగ్గుతుంది. మీరు మూడు అంచెలూ ఒకే విలువలతో కట్టారు. ఒకే హెచ్‌టీ అందుతోంది. అలాంటప్పుడు మూడు ప్లేట్లూ ఒకలాగే ఉండాలి. మొదటి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. మూడోది 140కి దిగిపోయింది. లెక్క వేద్దాం. 290లోంచి 197 తీస్తే 93 వోల్టులు. 100 కిలో ఓముల మీద 93 వోల్టులంటే 0.93 మిల్లీ ఆంపియర్లు. ఈసీసీ83కి ఇది హాయిగా సరిపోయే కరెంటు. మూడో అంచెలో 150 వోల్టులు పడుతున్నాయి, అంటే 1.5 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 1.5 కిలో ఓములతో హెచ్చిస్తే 2.25 వోల్టులు. మీరు క్యాథోడు మీద చూసింది సరిగ్గా అదే. కాబట్టి మీ రెసిస్టర్లలో దోషం లేదు, మీటరు అబద్ధం చెప్పడం లేదు. ఆ వాల్వు భాగం నిజంగానే ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు లాగుతోంది. మూడు జతలు మార్చినా అలాగే ఉందంటే దోషం వాల్వుది కాదు. దాని గ్రిడ్డు మీద ఉండకూడని పాజిటివ్ వోల్టేజీ ఉంది. అది రావడానికి మిగిలిన దారి ఒక్కటే. మీ తాతగారి కండెన్సరు.

మీ మనసు కష్టపెట్టాలని కాదు. ఆ రోజుల రేడియోల్లో వాడిన కండెన్సర్లు చాలావరకు కాగితం చుట్టి మైనం పోసినవి. కాగితం తేమను పీలుస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్న కాగితం సంగతి చెప్పక్కర్లేదు. లోపల కొద్దికొద్దిగా కరెంటు కారడం మొదలవుతుంది. దాన్నే మా షాపుల్లో లీకేజీ అంటాం. మీ అంకెలను బట్టి గ్రిడ్డు మీద సుమారు 1.7 వోల్టులు ఉండాలి. 1 మెగా ఓము మీద అంత రావాలంటే కండెన్సరులోంచి 1.7 మైక్రో ఆంపియర్లు కారితే చాలు. అంటే అది 115 మెగా ఓముల రెసిస్టరులా ప్రవర్తిస్తోంది. మామూలు మీటర్లు 20, 40 మెగా ఓముల దగ్గరే ఆగిపోతాయి, పైగా ఓములు కొలిచేటప్పుడు అవి ఇచ్చేది ఒకటి రెండు వోల్టులే. 200 వోల్టుల దగ్గర పనిచేయాల్సిన కండెన్సరును అంత చిన్న వోల్టేజీతో పరీక్షించి బాగుందనుకోవడం చాలామందికి జరిగే పొరపాటు. నాకూ జరిగింది.

అసలు పరీక్ష ఇలా చేయండి. ముందు ప్లగ్గు తీయండి. హెచ్‌టీ ఫిల్టరు కండెన్సర్లు ప్లగ్గు తీశాక కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ పట్టి ఉంచుతాయి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు ఉంటే మానండి. 100 కిలో ఓములు, 2 వాట్ల రెసిస్టరు ఒకటి హెచ్‌టీ నుంచి ఎర్తుకు శాశ్వతంగా టంకం వేయండి, ఒక నిమిషంలో ఖాళీ చేస్తుంది. అయినా ప్రతిసారీ మీటరు పెట్టి సున్నా చూశాకే చేయి పెట్టండి. ఇప్పుడు ఆ కండెన్సరుకు గ్రిడ్డు వైపున్న కాలు ఒక్కటి విప్పండి. అది దేనికీ తగలకుండా పైకి వంచండి. మీటరును డీసీ వోల్టులలో పెట్టి, నల్ల తీగ ఛాసిస్‌కు (సర్క్యూట్ బిగించిన లోహపు పెట్టెకు), ఎర్ర తీగ ఆ విప్పిన కాలికి క్లిప్పులతో బిగించాక కరెంటు ఇవ్వండి. కరెంటు ఉన్నంతసేపూ ఒక చేయి జేబులోనే ఉండాలి. కండెన్సరు మంచిదైతే అంకె ఒక్కసారి ఎగిరి, కొన్ని సెకండ్లలో సున్నా దగ్గరికి జారిపోతుంది. మీది 15 వోల్టుల దగ్గర నిలబడిపోతుందని నా అంచనా. అదే సమయంలో మూడో ప్లేటు మీద చూస్తే 140 పోయి 197 దగ్గరికి వచ్చి ఉంటుంది. అప్పుడు మీకే నమ్మకం కలుగుతుంది.

ఈ పాఠం నేను నేర్చుకున్నది పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఒక మైకు సెట్టు దగ్గర. అందులో ఒక ఈఎల్84 వాల్వు ప్లేటు చీకట్లో కనబడేంత ఎర్రగా కాలేది. నేను రెండు కొత్త వాల్వులు మార్చాను, రెండూ ఎర్రబడ్డాయి. గురువుగారు ఏమీ అనకుండా కరెంటు ఆపి, గ్రిడ్డుకు వచ్చే కండెన్సరు కాలు ఒకటి విప్పి, మళ్ళీ స్విచ్చి వేశారు. ప్లేటు నల్లగానే ఉండిపోయింది. ఆ నల్లని ప్లేటును చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తులేదు. ఈసీసీ83లో ఇంత తక్కువ కరెంటుకు ఎరుపు కనబడదు, కేవలం స్వరం పాడవుతుంది. అందుకే ఇక్కడ దొంగ దొరకడం కష్టం.

ఇది బాగుచేస్తే సగం రోగం పోతుంది. మిగతా సగం మీరు ఎంచుకున్న విలువల్లో ఉంది, మీ ఉత్తరంలో నాకు అసలు ముఖ్యమనిపించింది అదే.

కండెన్సరు ఎంత పెద్దదైతే అంత మంచి ధ్వని అనుకుని అన్ని చోట్లా 0.1 వేశారు. పాటలు వినే ఆంప్లిఫయరుకు అది సరే. గిటారులో అన్నిటికంటే లావు తీగ, ఏమీ నొక్కకుండా మీటితే, 82 హెర్ట్జ్. మీ 0.1 మైక్రో ఫారడ్, 1 మెగా ఓము కలిసి 1.6 హెర్ట్జ్ దాకా దారి తెరిచాయి. క్యాథోడు మీది 22 మైక్రో ఫారడ్లు దాదాపు 5 హెర్ట్జ్ దాకా తెరిచాయి. ఇలాంటి తలుపులు మూడు అంచెల్లోనూ బార్లా తెరిచి ఉన్నాయి. చేయి తీగల మీద పడిన దెబ్బ, చెక్క మీద మణికట్టు తగిలిన చప్పుడు, లావు తీగల బరువు, అన్నీ మూడో అంచె మీదికి ఒకేసారి వచ్చి పడుతున్నాయి. అక్కడ వాల్వు తన హద్దు దాటి ధ్వనిని చీలుస్తుంది. ఆ చీలికే గిటారువాళ్ళు కోరుకునే డిస్టార్షన్. కానీ లావు స్వరం ఎక్కువగా ఉండగా చీలిస్తే వచ్చేది ముద్ద. మీ బాస్ కంట్రోలు మూడో అంచె తర్వాత ఉంది. ఉప్పు ఎక్కువైన పప్పును ఎంత కలిపినా ఉప్పు బయటికి రాదు కదా. వేసేముందే తగ్గించాలి. బాస్‌ను డిస్టార్షన్‌కు ముందే తగ్గించండి, తర్వాత కావలసినంత కలుపుకోండి. గిటారు ప్రీ ఆంప్లిఫయరు కట్టేవారెవరికైనా నేను ముందుగా చెప్పే మాట ఇది.

దీనికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1950లలో బాస్‌మన్ అనే ఆంప్లిఫయరు తెచ్చారు. పేరులోనే ఉంది, అది బాస్ గిటారు కోసం కట్టినది. 1960ల మొదట్లో లండన్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45 ఆ సర్క్యూట్‌కు దాదాపు నకలు. తర్వాత ఆ దశకంలోనే, లీడ్ గిటారు కోసం చేసిన మార్షల్ నమూనాలలో మొదటి వాల్వు క్యాథోడు మీద 2.7 కిలో ఓములు, 0.68 మైక్రో ఫారడ్ వచ్చాయి. ఆ రెండూ కలిస్తే 87 హెర్ట్జ్. పెద్ద పెద్ద ఆంప్లిఫయర్లు కట్టేవారు బాస్‌ను కావాలనే మొదటి అంచెలో తగ్గించారు. వాళ్ళకు కండెన్సర్లు దొరకక కాదు.

ధ్వని ఆగి ఆగి రావడానికీ కారణం ఆ 0.1లే. గట్టిగా మీటినప్పుడు గ్రిడ్డు పాజిటివ్‌లోకి వెళ్ళి కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు కండెన్సరును నింపుతుంది. దెబ్బ అయిపోయాక కండెన్సరులో నిండింది 1 మెగా ఓము మీదుగా మెల్లగా కారాలి. అది కారేదాకా గ్రిడ్డు బాగా నెగెటివ్‌లో ఉండి వాల్వు మూసుకుపోతుంది. 0.1 మైక్రో ఫారడ్‌కు ఆ కాలం సెకనులో పదో వంతు. చెవి దాన్ని స్పష్టంగా పట్టుకుంటుంది. 22 నానో ఫారడ్లు వేస్తే 22 మిల్లీ సెకండ్లకు తగ్గుతుంది. 4.7 వేస్తే 5 మిల్లీ సెకండ్లు కూడా ఉండదు.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. రెండో, మూడో అంచెల మధ్య కొత్త పాలియెస్టర్ కండెన్సరు, 4.7 నానో ఫారడ్లు, 630 వోల్టులది. మొదటి అంచె తర్వాత 22 నానో ఫారడ్లు. మొదటి క్యాథోడు మీద 22 మైక్రో ఫారడ్లు తీసి 1 మైక్రో ఫారడ్. అప్పుడు లావు స్వరాలకు ఆ అంచె గెయిన్ దాదాపు సగానికి పడుతుంది, పైవాటికి పూర్తిగా ఉంటుంది. మూడో అంచె గ్రిడ్డుకు, అంటే రెండో వాల్వు 2వ పిన్నుకు, 220 కిలో ఓముల రెసిస్టరు ఒకటి వరసలో వేస్తాను. దాన్ని పిన్ను పక్కనే, తీగ బియ్యపు గింజంత కూడా మిగలకుండా టంకం వేయాలి. అది గ్రిడ్డు కరెంటును అదుపులో పెడుతుంది. పై చిటపటలనూ కొంత తగ్గిస్తుంది, ఎందుకంటే ఈసీసీ83లో గ్రిడ్డుకూ ప్లేటుకూ మధ్య ఉన్న 1.6 పికో ఫారడ్లు వాల్వు గెయిన్‌తో హెచ్చి 100 పికో ఫారడ్ల దాకా అవుతాయి. 220 కిలో ఓములతో కలిస్తే 7 కిలోహెర్ట్జ్ పైన ధ్వని తగ్గుతుంది.

ఇవన్నీ ఒకే రోజు చేయకండి, దయచేసి. ఒక్కటి మార్చండి. అదే గిటారు, అదే మీటు, అదే గెయిన్ పెట్టి ఫోనులో రికార్డు చేయండి. పుస్తకంలో రాయండి. చెవి నిన్నటి స్వరాన్ని గుర్తుపెట్టుకోలేదు. పెట్టుకున్నాననుకుంటుంది.

చిటపటల గురించి ముందే చెప్పాల్సింది. హోమ్ థియేటరులో ట్వీటరు, అంటే సన్న స్వరాలు పలికే చిన్న స్పీకరు, ఉంటుంది. గిటారు స్పీకరు, ముఖ్యంగా 12 అంగుళాలది, 5 కిలోహెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. వాల్వులు చీల్చిన ధ్వనిలోని ఆ పైముక్కలన్నిటినీ అది వడగడుతుంది. ట్వీటరు వాటిని ఏరి మరీ వినిపిస్తుంది. స్నేహితుల దగ్గర గిటారు ఆంప్లిఫయరు ఉంటే, దాని వెనక పవర్ ఆంప్లిఫయరుకు విడిగా ఇన్‌పుట్ ఉంటే, మీ ప్రీ ఆంప్లిఫయరును ఒక గంట దానికి కలిపి వినండి. చిటపటల్లో చాలా భాగం అక్కడే పోతుంది. అది విన్నాకే మిగతా మార్పుల గురించి ఆలోచించండి.

తాతగారి కండెన్సరును పారేయకండి. ఆ రేడియోను కూడా మీ చేత్తోనే బాగుచేయండి. లోపల ఎక్కడెక్కడ కాగితపు కండెన్సర్లు ఉన్నాయో అక్కడ కొత్తవి వేసి, పాతది మాత్రం కనబడేలా పక్కన కట్టి ఉంచండి, కరెంటు తగలకుండా. రేడియో మోగుతూ ఉండటమే ఆయనకు మంచి గుర్తు. ఫలితం ఎలా వచ్చిందో, మూడో ప్లేటు వోల్టేజీతో సహా, నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: నేను కట్టిన వాల్వు ప్రీ ఆంప్లిఫయరులో ఎప్పుడూ గుయ్‌మని మోత. ఆసిలోస్కోపు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– వరంగల్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మీ చేతిలో గిటారు ఉంది కదా. లావు తీగను మూడో మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కి మీటండి. శ్రుతి సరిగా ఉంటే అది 98 హెర్ట్జ్. మోత దానితో దాదాపు కలిసిపోతే అది 100 హెర్ట్జ్, హెచ్‌టీ వైపు నుంచి వస్తోంది. దానికి సరిగ్గా ఒక స్థాయి కింద, అంటే మంద్రంలో, వినిపిస్తే 50 హెర్ట్జ్, హీటర్ల నుంచో ట్రాన్స్‌ఫార్మరు నుంచో వస్తోంది.

50 అయితే గిటారు మీది వాల్యూము సున్నాకు తిప్పి చూడండి. మోత ఆగిపోతే అది పికప్ (గిటారు తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్ట) ద్వారా వస్తోంది. గిటారుతో సహా నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి, ఏదో ఒక దిక్కున తగ్గుతుంది. ఆగకపోతే హీటరు తీగలు చూడండి. రెండు తీగలూ జడలా బిగుతుగా అల్లి, ఛాసిస్ మూలకు ఒత్తి, గ్రిడ్డు తీగలకు దూరంగా పోనివ్వాలి. 6.3 వోల్టుల చుట్టకు మధ్య తీగ లేకపోతే, చెరో వైపు నుంచి ఎర్తుకు 100 ఓముల రెసిస్టరు ఒక్కొక్కటి వేయండి, అర వాటుది చాలు. మధ్య తీగ ముందే ఎర్తుకు కలిసి ఉంటే వీటిని వేయవద్దు. నేను చూసిన సెట్లలో ఈ రెండు చిన్న రెసిస్టర్లతో నిశ్శబ్దమైనవి చాలా ఉన్నాయి.

100 అయితే ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయాయేమో చూడాలి. కొత్తవే అయితే ఎర్తు తీగల దారి చూడండి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు పక్కనున్న మొదటి ఫిల్టరు కండెన్సరు ఎర్తు, గిటారు జాకు ఎర్తు ఒకే తీగ మీద ప్రయాణించకూడదు. మొదటి కండెన్సరు నెగెటివ్‌ను నేరుగా ట్రాన్స్‌ఫార్మరు వైపు ఎర్తుకు కలపండి, సర్క్యూట్ ఎర్తును జాకు దగ్గర మాత్రమే ఛాసిస్‌కు బిగించండి.

ప్రశ్న: వాల్వు మీద పెన్సిలుతో తడితే స్పీకరులో టంగుమని వినిపిస్తోంది. వాల్వు పాడైనట్టేనా?
– తిరుపతి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. లోపల గ్రిడ్డు అంటే సన్నని తీగ చుట్టు. తడితే అది కదులుతుంది, కదిలితే ధ్వని వస్తుంది. మొదటి అంచెలో దాన్ని మిగతా అంచెలన్నీ పెంచుతాయి కాబట్టి కొంచెం టంగుమనడం సహజం. తట్టడం ఆపాక కూడా మోగుతూనే ఉంటే, లేదా స్పీకరు పక్కన పెట్టగానే కూత పెడితే, ఆ వాల్వును చివరి అంచెలోకి మార్చి, చివరిదాన్ని ముందుకు తెచ్చుకోండి. రెండూ ఈసీసీ83లే అయితే ఇంకేమీ మార్చక్కర్లేదు. మార్చేముందు మాత్రం ప్లగ్గు తీసి, వాల్వులు చల్లారేదాకా ఆగండి.